ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఒకరి నుంచి ఒకరికి ఇన్‌ఫెక్షన్ ఎలా పాకుతుంది?

ప్రశ్న:
మా చెల్లి పాప నెలలు నిండకుండా పుట్టింది, ఎన్‌ఐసీయూలో ఉంది. పక్క బేబీలకు క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా సోకిందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. చెప్పులు కూడా బయటే విప్పించే గదిలోకి బ్యాక్టీరియా ఎలా వస్తుందండీ? డాక్టర్‌గారిని ఏం అడగాలి?

జవాబు 1:
ఎక్కువగా చేతుల ద్వారానే. నేను నర్సుని, ఒక బేబీకి డైపర్ మార్చి చేతులు శుభ్రం చేసుకోకుండా ఇంకో బేబీ ఐవీ లైన్ (రక్తనాళంలోకి మందులెక్కించే గొట్టం) ముట్టుకుంటే చాలు. ఈ పిల్లల చర్మం పలచన, తట్టుకునే శక్తి తక్కువ, పైగా ఒంటినిండా గొట్టాలు. ఒక్కో నర్సుకు పిల్లలు ఎక్కువైతే చేతుల శుభ్రతే మొదట దెబ్బతింటుంది.

జవాబు 2:
నీళ్లని మర్చిపోకండి. ఉత్తర ఐర్లాండ్‌లో 2011 డిసెంబర్, 2012 జనవరిల్లో డెర్రీ, బెల్‌ఫాస్ట్ ఆసుపత్రుల్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకి నలుగురు పసికందులు చనిపోయారు. వెతికితే బ్యాక్టీరియా కుళాయిల్లో దొరికింది! ఆ తర్వాతే ఎన్‌ఐసీయూ పిల్లల్ని స్టెరైల్ (సూక్ష్మక్రిములు లేని) నీళ్లతోనే తుడవమన్నారు. అంత డబ్బున్న దేశంలోనే అలా జరిగింది.

జవాబు 3:
పాపకి బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందా అని చూసే పరీక్ష) పంపారా, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందని వచ్చింది, ఇన్‌ఫెక్షన్ ఉన్న పిల్లల్ని, వాళ్లని చూసే నర్సుల్ని వేరు చేశారా అని నేరుగా అడగండి, అది మీ హక్కు. తల్లిపాలు పిండి ఇవ్వొచ్చంటే తప్పకుండా ఇవ్వండి. భయపడి సొంతంగా డిశ్చార్జ్ మాత్రం చేయించకండి, దయచేసి.