‘రిపేరు చేయించాం’ అన్న మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ప్రశ్న: ఆటోనగర్ గుమస్తా, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పని కూడా నాదే. ఈ మధ్య మా లారీ ఒకటి చిలకలూరిపేట దగ్గర డివైడరును గుద్దుకుని గేరుబాక్సు దెబ్బతింది. మా వెనక వీధిలోని వర్క్‌షాపులో రిపేరు చేయించి, బిల్లులు జతచేసి, బీమా కంపెనీకి ‘వి రిపేర్డ్ ద గేర్‌బాక్స్’ అని రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. మరమ్మతు మీరే చేసుకున్నట్టయితే లేబరు ఛార్జీలు ఎందుకు అడుగుతున్నారో వివరించాలని అందులో ఉంది.

బిల్లు మీద వర్క్‌షాపు పేరు స్పష్టంగానే ఉంది కనుక వాళ్లు ఒకసారి చూసి ఉండవలసింది. అయినా నా వాక్యం సరిగా ఉండి ఉంటే ఆ ప్రశ్నకే తావుండేది కాదని మనసుకు కష్టంగా ఉంది. ‘వి హ్యాడ్ రిపేర్డ్ ద గేర్‌బాక్స్’ అని మార్చితే సరిపోతుందని మా ఓనరుగారి అబ్బాయి అంటున్నాడు. అది సరైనదేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట పాత లెక్చరర్, గుంటూరు

ఆ మార్పు చేయకండి. ‘హ్యాడ్ రిపేర్డ్’ అంటే అంతకుముందే మీరే రిపేరు చేసి ఉన్నారని అర్థం. కాలం వెనక్కి జరిగింది తప్ప, చేసినవాళ్లు మాత్రం మారలేదు. మీరు రాయవలసింది ‘వి హ్యాడ్ ద గేర్‌బాక్స్ రిపేర్డ్’. పదాలు అవే, కానీ గేరుబాక్సు వచ్చి ‘హ్యాడ్’కూ ‘రిపేర్డ్’కూ నడుమ కూర్చుంది. ఆ ఒక్క స్థానభేదంతో ‘చేశాం’ కాస్తా ‘చేయించాం’ అయింది.

మనవాళ్లు ఇక్కడ తడబడటానికి కారణం ఉంది. తెలుగులో ప్రేరణ క్రియలోనే ఉంటుంది. కుట్టు అంటే మనం కుట్టడం, కుట్టించు అంటే మరొకరి చేత కుట్టించడం. కట్టు, కట్టించు, రాయు, రాయించు కూడా అంతే. చిన్నపిల్లలు కూడా వీటిని పొరపాటు పడకుండా వాడతారు. అయితే ‘రిపేరు చేయించాం’ అన్నప్పుడు అందులో ఇంగ్లీషు ముక్క ‘రిపేరు’ ఒక్కటే, అసలు అర్థాన్ని మోస్తున్నది ‘చేయించాం’. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మన చేతికి ముందు దొరికేది ఆ ‘రిపేరు’. దానికి భూతకాలం తగిలించేసరికి వాక్యం పూర్తయినట్టు అనిపిస్తుంది, ‘చేయించు’ మాత్రం దారిలో జారిపోతుంది. ముప్పై ఏళ్ల పాఠాల్లో ఎక్కువ సార్లు దిద్దిన తప్పు ఇదేనని చెప్పగలను.

ఈ వాక్యంలో ‘హ్యాడ్’ సహాయక్రియ కాదు, అదే అసలు క్రియ. ప్రశ్నగా మార్చి చూస్తే తెలిసిపోతుంది. ‘డిడ్ యు హ్యావ్ ద గేర్‌బాక్స్ రిపేర్డ్?’ అంటారే గాని, ‘హ్యాడ్ యు ద గేర్‌బాక్స్ రిపేర్డ్?’ అని ఇప్పుడు ఎవరూ అనరు. చేసినవారి పేరు చెప్పాలంటే మన ‘చేత’కు బదులు ‘బై’ పెట్టి, ‘బై ఎ వర్క్‌షాప్ ఇన్ ఆటోనగర్’ అని చివర చేర్చండి. మీ ఉత్తరానికి అది తప్పక ఉండాలి.

జవాబు: మంగళగిరి ఇల్లాలు

లెక్చరర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, కానీ ఒక సందేహం. మేము మంగళగిరిలో ఇల్లు కట్టిస్తున్నాం. ‘వి ఆర్ బిల్డింగ్ ఎ హౌస్’ అని మా అమ్మాయి స్నేహితులకు రాస్తే అది తప్పని ట్యూషన్ మాస్టారు కొట్టేశారు. ఇంగ్లీషువాళ్లే అలా రాయగా నేను చాలాసార్లు చదివాను.

జవాబు: బ్రాడీపేట పాత లెక్చరర్, గుంటూరు

అమ్మా, మీ అమ్మాయి రాసినది తప్పు కాదు. దాన్ని కొట్టేయడం అన్యాయం. పని ఎవరు చేస్తారో లోకానికంతటికీ తెలిసినప్పుడు ఇంగ్లీషు మామూలు క్రియతోనే సరిపెట్టుకుంటుంది. ‘షాజహాన్ బిల్ట్ ద తాజ్‌మహల్’ అంటే ఆయన రాళ్లు మోశాడని ఎవరూ అనుకోరు. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్టను కంపెనీ ప్రభుత్వం ‘కట్టించింది’ అని మనం అంటే, ఇంగ్లీషులో ‘బిల్ట్’ అని ఊరుకుంటారు. మన భాషకు అక్కడ కూడా ‘ఇంచు’ కావాలి. ఆటోనగర్ గారి ఉత్తరం సంగతి వేరు. లారీ ఆఫీసువాళ్లు తామే రిపేరు చేసుకోవడం నిజంగా జరిగే పనే, పైగా డబ్బు లెక్క దాని మీదే ఆధారపడి ఉంది. అలాంటి చోట తేడా చెప్పి తీరాలి.

జవాబు: కృష్ణలంక భాషాశాస్త్ర విద్యార్థిని, విజయవాడ

ఇదే వాక్యనిర్మాణానికి మరో అర్థం కూడా ఉంది. ‘హీ హ్యాడ్ హిజ్ ఫోన్ స్టోలెన్’ అంటే ఫోను దొంగతనం చేయించాడని కాదు, పోగొట్టుకున్నాడని. చేయించడానికీ, అనుభవించడానికీ ఒకే అచ్చు ఎలా సరిపోయిందని మొదట నాకు వింతగా ఉండేది. తీరా చూస్తే మన భాషలో కూడా అంతే. ‘జాకెట్టు కుట్టించుకున్నాను’ అంటే నేను కోరి చేయించుకున్న పని. ‘నాన్న చేత తిట్టించుకున్నాను’ అంటే కోరకుండా నెత్తిన పడినది. రెండింటిలోనూ ఉన్నది ‘ఇంచుకొను’ అన్న ఒకే రూపం. ఎంతో దూరంగా ఉన్న రెండు భాషలు ఈ ఒక్క మలుపులో ఇలా కలవడం నాకు చెప్పలేనంత ఆనందం కలిగించింది.

ఇంకొక సంగతి. ఇంగ్లండులో 871 నుంచి 899 వరకు ఏలిన ఆల్‌ఫ్రెడ్ రాజుదని భావించే ఒక బంగారు నగ 1693లో సోమర్‌సెట్‌లో దొరికింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని యాష్మోలియన్ మ్యూజియంలో ఉంది. దాని చుట్టూ పాత ఇంగ్లీషులో నాలుగే మాటలున్నాయి. ఇప్పటి ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ఆల్‌ఫ్రెడ్ హ్యాడ్ మి మేడ్’. మూలంలో ‘ఆల్‌ఫ్రెడ్’ తరువాత ‘నన్ను’ అనే మాట, ఆ తరువాత ఆజ్ఞాపించాడనే క్రియ, చివర చేయడమనే మాట వస్తాయి. తెలుగులోకి తేవాలంటే వరుస కూడా మార్చనక్కరలేదు: ‘ఆల్‌ఫ్రెడ్ నన్ను చేయించాడు.’ వాళ్లకు రెండు మాటలు పట్టిన చోట మనకు ఒక్కటే చాలింది.

జవాబు: ఆటోనగర్ గుమస్తా, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. ‘తిట్టించుకున్నాను’ ఉదాహరణతో ఈ సంగతి నాకు పూర్తిగా పట్టుబడింది. కొత్త ఉత్తరంలో ఇలా రాశాను: ‘వి హ్యావ్ హ్యాడ్ ద గేర్‌బాక్స్ రిపేర్డ్ బై ఎ వర్క్‌షాప్ ఇన్ ఆటోనగర్ ఆన్ ద ఫోర్‌టీంత్.’ ‘హ్యావ్’, ‘హ్యాడ్’ రెండూ పక్కపక్కన ఉండటం చూస్తే భయంగా ఉంది. ‘హ్యాడ్’ బదులు ‘గాట్’ పెట్టవచ్చా?

జవాబు: బ్రాడీపేట పాత లెక్చరర్, గుంటూరు

ఆ రెండూ కలిసి రావడంలో దోషం లేదు. మొదటిది కాలం చెబుతుంది, రెండవది చేయించడాన్ని చెబుతుంది. అయితే మీరు పధ్నాలుగో తేదీ అని గడిచిపోయిన రోజును చెప్పారు కనుక ఇక్కడ ‘హ్యావ్’ పొసగదు, దాన్ని తీసేసి ‘వి హ్యాడ్’ అని మొదలుపెట్టండి. తేదీ చెప్పకపోతే మీరు రాసినట్టే ఉంచవచ్చు. ‘గాట్’ కూడా ఒప్పే, కానీ అది మాటల్లో ఎక్కువగా వినబడుతుంది. ఆఫీసు ఉత్తరానికి ‘హ్యాడ్’ నిండుగా ఉంటుంది. నెల పేరు కూడా రాయండి, బిల్లు నంబరు పక్కనే వేయండి.