లాబో తీరంలోని యు-995 జలాంతర్గామి: లోపలి ఇరుకు ఫొటోలో ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న – నీలినీడ

నమస్కారం. జర్మనీలో కీల్ అఖాతం అంచున ఉన్న లాబో తీరంలో, ఇసుక మీద నిలబెట్టిన యు-995 జలాంతర్గామిని గత నెలలో ఒక పూటంతా ఫొటోలు తీశాను. 1943లో హాంబర్గ్‌లో తయారై, ఆర్కిటిక్ జలాల్లో మిత్రరాజ్యాల సరకు ఓడలను వేటాడిన ఈ పడవ, యుద్ధం ముగిసేనాటికి నార్వేలో లొంగిపోయి, కొన్నేళ్లు ఆ దేశపు నౌకాదళంలో పనిచేసి, 1972 నుంచి మ్యూజియంగా ఉంటోంది. ఏడో తరగతి ‘సి’ రకం పడవలు వందల సంఖ్యలో తయారైనా, నేడు మిగిలినది ఇదొక్కటే.

బయటి ఫొటోలు ఫరవాలేదనిపించాయి కానీ లోపలివి నిరాశపరిచాయి. 14 మిల్లీమీటర్ల లెన్సుతో తీసిన వాటిలో, భుజాలు రాసుకుంటూ నేను నడిచిన ఆ దారి విశాలమైన వరండాలా కనిపిస్తోంది. గుండ్రని ద్వారాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. దీపాల రంగులు కలగాపులగమయ్యాయి. పన్నెండు చిత్రాల వరుసగా కూర్చాలని ఉంది. మళ్లీ వెళ్లే ముందు ఏం మార్చుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం – పాతకటకం

మీ ఇబ్బందికి మూలం లెన్సులోనే ఉంది. మీ 14 మిల్లీమీటర్లది లాంటి వెడల్పాటి లెన్సు (ఎక్కువ దృశ్యాన్ని ఒకేసారి పట్టేది) దగ్గరి వస్తువును పెద్దదిగా చూపి దూరపు దాన్ని ఇంకా దూరంగా నెడుతుంది కనుక, ఇరుకు గదిని అది విశాలంగానే చూపుతుంది. ఈ పడవ పొడవు 67 మీటర్లు అయినా, నీటి ఒత్తిడిని తట్టుకునే లోపలి గొట్టం వ్యాసం అత్యధికంగా 4.7 మీటర్లే, అందులోనే యంత్రాలు, బ్యాటరీలు, టోర్పెడోలు, దాదాపు 50 మంది మనుషులు సర్దుకోవాలి. ఆ కిక్కిరిసినతనం కావాలంటే 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్సు తీసుకొని, వెనక్కి జరగగలిగినంత జరిగి, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న వాల్వుల చక్రాలు, గొట్టాలు, కొలమానాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నట్లుగా చట్రాన్ని నింపండి. ఖాళీ కనిపించకపోవడమే అక్కడి ఇరుకు.

నియంత్రణ గదికి ముందూ వెనకా ఉన్న గుండ్రని ద్వారాలను మాత్రం వెడల్పాటి లెన్సుతో తీయవచ్చు. కెమెరా ద్వారపు కేంద్రానికి సరిగ్గా ఎదురుగా, నేలకు సమాంతరంగా ఉంటే వృత్తం వృత్తంగానే ఉంటుంది. చట్రం అంచుకు జరిగినకొద్దీ సాగుతుంది. మోకాళ్ల మీద కూర్చోక తప్పదు. ట్రైపాడ్ గురించి ఆలోచించకండి, సందర్శకుల దారి మొత్తాన్ని అదే ఆక్రమిస్తుంది. మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 దాకా పెంచుకుంటూ వెళ్లడానికి వెనకాడవద్దు.

రంగుల విషయంలో, గదిగదికీ బూడిదరంగు కార్డును ఒకసారి ఫొటో తీసుకొని, దాన్ని కొలమానంగా పెట్టుకొని తర్వాత రంగులు సరిచేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, వేర్వేరు వెలుతురు స్థాయిల్లో తీసిన ఫొటోలను కలిపి, నీడల్లోని ప్రతి మూలనూ వెలిగించే హెచ్‌డీఆర్ పద్ధతి జోలికి వెళ్లకండి.

సమాధానం – ఉప్పుగాలి

సాంకేతికంగా పై సలహాలన్నీ సరైనవే. నా సందేహం వేరు. ఇలాంటి చిత్రాల్లో చాలామంది రెండు పనులు చేస్తుంటారు: లోపల ఎర్రని కాంతి కలపడం, బయట తుప్పు, మరకలు ఎక్కువ చేసి చూపడం. రాత్రి కాపలాకు పైకి ఎక్కేవారి కళ్లు చీకటికి అలవాటుపడి ఉండాలని జలాంతర్గాముల్లో ఎర్రదీపాలు వాడిన మాట నిజమే కానీ, మీరు చూసిన వెలుగు అది కాదు కదా. మ్యూజియం కోసం పునరుద్ధరించి రంగులు వేసిన పడవకు యుద్ధకాలపు తుప్పును అంటగట్టడం నాకైతే బొత్తిగా నచ్చదు.

ఇంకొకటి. కింద కూర్చొని ముందుభాగాన్ని ఆకాశంలోకి దూసుకుపోతున్నట్లు తీస్తే అది ప్రచార పోస్టరు అవుతుంది. ఈ పడవ పని ఓడలను ముంచడం. అదే సమయంలో, ఆ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల నుంచి తిరిగి రానివారు దాదాపు 30,000 మంది. లాబోకు దక్షిణంగా కొద్ది దూరంలోనే ఉన్న మోల్టెనోర్ట్ స్మారకంలో వారి పేర్లు కంచు పలకల మీద వరుసగా ఉన్నాయి. మీ పన్నెండింటిలో ఒకటి అక్కడ తీయమని నా సూచన. ముందు టోర్పెడో గదిలో నావికులు ఆయుధాల మధ్యనే నిద్రపోయేవారు కనుక, అక్కడి పడకనూ దాని పక్కనున్న టోర్పెడో గొట్టాల మూతలనూ ఒకే చట్రంలో పట్టుకుంటే, ఏ ఎర్రదీపమూ అక్కరలేదు.

సమాధానం – తీరపుదారి

బయటి వెలుగు గురించి ఎవరూ చెప్పలేదు. లాబో ఊరు కీల్ అఖాతానికి తూర్పు గట్టున ఉంది కాబట్టి, సూర్యుడు నీటివైపున అస్తమిస్తాడు. భూమివైపు నిలబడితే పడవ నల్లని ఛాయగా వస్తుంది. నీటివైపు నుంచి తీస్తే సాయంత్రపు ఎండ ఉక్కు మీద పడుతుంది, వెనక 72 మీటర్ల నౌకాదళ స్మారక గోపురం నిలుస్తుంది. ఆ గోపురం ఎక్కి కిందికి చూస్తూ తీస్తే, పక్కన నడిచే మనుషుల వల్ల పడవ ఎంత సన్ననిదో ఒక్కసారిగా తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కోణం అదే. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్, పడవకు వేసిన రంగు పూత మీది మెరుపును కొంత తగ్గిస్తుంది కానీ, ప్రొపెల్లర్ వంటి వట్టి లోహం మీద పెద్దగా పనిచేయదు. చిత్రాలను ప్రదర్శించే లేదా అమ్మే ఉద్దేశం ఉంటే, లోపలి ఫొటోలకు మ్యూజియం అనుమతిని ముందుగానే రాతపూర్వకంగా తీసుకోండి.

తిరుగు జవాబు – నీలినీడ

అందరికీ కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే, ఎర్రని కాంతి కలిపిన చిత్రాలు నా దగ్గర ఇప్పటికే మూడు ఉన్నాయి. ఉప్పుగాలి గారి మాట చదివాక వాటిని పక్కన పెట్టేశాను. ఈసారి 35 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే తీసుకువెళ్లి, ముందు టోర్పెడో గదితో మొదలుపెడతాను. గోపురం పైనుంచి తీసే చిత్రాన్ని వరుసలో మొదట పెట్టాలా చివర పెట్టాలా అన్నది ఫొటోలు చేతికొచ్చాక మళ్లీ ఇక్కడే అడుగుతాను.