మన ఊరి బడి ఫోటోలు రోజూ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అవసరమా?

లంకకుర్రోడు:
మాది పి.గన్నవరం పక్కన లంక ఊరండి. ఎలిమెంటరీ స్కూల్లో మొత్తం 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఊరి గ్రూపులో రోజూ బడి విశేషాలు పెడుతున్నారు, ప్రార్థన, ఎవరి పుట్టినరోజు, భోజనంలో ఏం పెట్టారు, ఎవరు పద్యం అప్పజెప్పారు, అన్నీ ఫోటోలతో. మొదట్లో బాగానే ఉండేది. మొన్న ఎక్కాలు రానోళ్ళని వరసలో నిలబెట్టిన ఫోటో కూడా వచ్చింది, దాని కింద ఒకాయన నవ్వే బొమ్మలు కొట్టాడు, అందులో ఒక పిల్లాడు మర్నాడు బడికెళ్ళనని మొండికేశాడంట. ఇది ఆపేయాలంటాను. మీరేమంటారు?

కొబ్బరితోట:
ఆపితే ఏమవుద్దో తెలుసా? పొద్దున్నే ఊళ్ళోకి ప్రైవేటు స్కూళ్ళ పసుపు వ్యాన్లు ఎన్ని వస్తున్నాయో చూడు. వాళ్ళు సెంటర్లో ఫ్లెక్సీలు కడతారు, యానివర్సరీ వీడియోలు యూట్యూబ్‌లో పెడతారు. మన బడిలో పిల్లలు బాగా చదువుతున్నారని ఎవడికి తెలుస్తది మరి? 2022లో జీవో 117 అనేసి 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళకి పంపేశారు కదా, 2025లో ఆ జీవో తీసేశారు గానీ ఆ దెబ్బకి ఒకసారి వ్యానెక్కిన పిల్లోడు మళ్ళీ దిగి రాడు.

ఎస్జీటీ మాస్టారు:
నేనూ ఎలిమెంటరీ స్కూల్ టీచర్నేనండి, ఎస్జీటీ అంటే అదే, వేరే మండలం. ఫోటో తియ్యడమంటే సరదా అనుకుంటున్నారు. పొద్దున్నే యాప్‌లో మా ముఖం హాజరు, తర్వాత పిల్లల హాజరు, ఆ తర్వాత భోజనం ఫోటోలు, గుడ్ల లెక్క. సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని కాలవగట్టు మీదకి పోవాలి. ఒకటో క్లాసు వాడికి చెయ్యి పట్టుకుని ‘ళ’ దిద్దిస్తుంటానా, ఇంతలో మెసేజ్, మీ స్కూల్ ఇంకా అప్‌లోడ్ కాలేదూ అని. దీనికి తోడు ఊరి గ్రూపొకటి. విద్యాహక్కు చట్టంలోనే 60 మంది దాకా ఇద్దరు టీచర్లని ఉంది, ఐదు క్లాసులకీ ఆ ఇద్దరే. ఒకరు ఫోన్ పట్టుకుంటే ఆ పూట సగం బడి గాలికి.

కువైట్ నుంచి:
నేను ఆ గ్రూపులోనే ఉన్నాను. మా బాబు రెండో క్లాసు, అమ్మమ్మ దగ్గరుంటాడు, నేనిక్కడ ఇంట్లో పని. ఫోన్‌లో వాడు మాట్లాడడు, తిన్నావా అంటే ఊ అంటాడు అంతే. మొన్న భోజనం ఫోటోలో గుడ్డులో పచ్చసొన తీసి పక్కోడి పళ్ళెంలో వేస్తున్నాడు, అది చూశాకే నాకు తెలిసింది వాడు సొన తినట్లేదని. మీరంతా ఆపేయండి ఆపేయండి అంటుంటే ఏం చెప్పాలో తెలీట్లేదు.

లంకకుర్రోడు:
అక్కా, మీలాంటోళ్ళ గురించి కాదు నేనన్నది. ఆ నవ్వే బొమ్మలోళ్ళ గురించి.

రిటైర్డ్ హెచ్ఎం:
మధ్యాహ్న భోజన పథకానికి మన లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపొస్తే ఆవిడ వెళ్ళలేదని, ఫోటో తీయించుకోడానికి కూడా ముందు ఒప్పుకోలేదని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు ఆవిడ పేరు మీద పెట్టే అన్నానికి రోజూ ఫోటో! సరే, యాప్‌లో అడగడానికి కారణం లేకపోలేదు, గుడ్డు పెట్టకుండానే పెట్టినట్టు రాసుకున్న రోజులు నేనూ చూశాను. ఆ ఫోటో పైవాళ్ళకి పోతే చాలు. ఊరికి కావలసింది కబురు. మా రోజుల్లో బడి గోడకి వార్తల బోర్డు ఉండేది, ఐదో క్లాసు పిల్లలే సుద్దముక్కతో తేదీ, హాజరు, ఆ రోజు సంగతులు రాసేవారు. గ్రూపులో అలాంటివి రాయించండి. వరదలప్పుడు ‘కనకాయలంక కాజ్‌వే మునిగింది, రేపు పిల్లల్ని పంపొద్దు’ అని ఒక్క ముక్క పెడితే వంద ఫోటోల పెట్టు.

అమలాపురం వకీలు:
2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని ఉంది. ఊరి గ్రూపుకి అది వర్తిస్తుందా అని వాదించుకోవచ్చు గానీ, అడ్మిషన్ అప్పుడే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఏం పోతుందండీ?

కొబ్బరితోట:
సంతకం అనగానే సగం మంది వెనక్కెళ్ళిపోతారండి, పొలం రాయించుకుంటున్నారేమో అనుకుంటారు 😀

కువైట్ నుంచి:
పోనీ ఎవరి పిల్లల ఫోటో వాళ్ళకే పంపొచ్చు కదా మాస్టారూ.

ఎస్జీటీ మాస్టారు:
రోజూ అంటే అవదమ్మా, ఇంటికెళ్ళాక కూడా అదే పనవుద్ది. శనివారం శనివారం అయితే పంపొచ్చు, నేనైతే పంపుతాను. ఎక్కాలు రాని పిల్లల ఫోటో మాత్రం తీసిందే తప్పు, గ్రూపులో పెట్టడం దాకా ఎందుకు.

కొబ్బరితోట:
వారానికోసారి పెడితే ఎవడు చూస్తాడండీ. రోజూ కనపడాలి, అప్పుడే జూన్‌లో నలుగురు చేరతారు. మన బడి మనమే నిలబెట్టుకోవాలి.

లంకకుర్రోడు:
ఆయ్, చెప్పొచ్చారండీ! అందరికీ మనవి, ఈ కొబ్బరితోట గారు మా ఊరోరే, ఆయన పిల్లలిద్దరూ వెళ్ళేది పసుపు వ్యాన్‌లోనే.

కొబ్బరితోట:
అది మా ఆవిడ పట్టుదల. దానికీ దీనికీ సంబంధం లేదు.