సమస్య: ఉప్పు లేని నీట నుసురు పోయె

పర్లాకిమిడి నుంచి నేను: ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నా, పై మూడు పాదాలు మీరు పూరించండి. ప్లస్ టూ బయాలజీ పిల్లలకి ట్యూషన్ చెప్తుంటే పుట్టిన సమస్య ఇది, కప్ప గుండె గీయమంటే సరదాగా గీసేస్తారు గానీ మోల్ (రేణువుల్ని లెక్కపెట్టే కొలత) అనగానే వాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. సముద్రం నీళ్ళు తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు, మరి ఉప్పు లేని నీళ్ళు ప్రాణం ఎలా తీస్తాయి? పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి పై పాదాన్ని బట్టి యుప్పు, నుప్పు చేసుకోండి. యతి తప్పితే ఊరుకుంటా గానీ కెమిస్ట్రీ తప్పితే ఊరుకోను.

రాయగడ తమ్ముడు:

రక్తకణము నొకటి రయమున ముంచగ
శుద్ధజలములోన చొచ్చె నీరు
ఉబ్బి యుబ్బి పొరయు నూదిన బుడగయై
యుప్పు లేని నీట నుసురు పోయె

గుణుపురం మాస్టారు: భావం బాగుంది బాబూ. కానీ "నీరు" అని ఆగి "ఉబ్బి" అని ఎత్తుకున్నావు, అది విసంధి, కలపాల్సిన చోట సంధి కలపలేదు. "చొచ్చె తేమ / యుబ్బి" అంటే సరిపోతుంది. ఇంకోటి, "రయమున" ఎందుకొచ్చింది? యతి కోసమే కదా. నిదానంగా ముంచినా ఆ కణం చిట్లుతుంది.

రాయగడ తమ్ముడు: రయమున సంగతి ఒప్పుకుంటా మాస్టారూ. తేమ మాత్రం వద్దు, తేమ గోడకి పడుతుంది గానీ కణాన్ని పగలగొట్టదు. అయినా గిడుగు వారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి వాళ్ళు సమస్య ఇస్తే దానికింద విసంధి అని కేకలేంటండీ.

నేను: విసంధి ఉండనీ, నీరే కావాలి. ఎందుకంటే ఇక్కడ కదిలేది నీరే, ఉప్పు కాదు. మా పిల్లల్లో సగం మంది "కణంలో ఉప్పు బయటికి వచ్చేసి చచ్చిపోయింది" అని రాస్తారు. కణం పొర నీటిని సులువుగా రానిస్తుంది, సోడియం లాంటి అయాన్లని, అంటే ఉప్పు కరిగితే విడిపోయే ఆవేశమున్న రేణువుల్ని, అంత సులువుగా పోనివ్వదు. లోపల కరిగినవి చాలా ఉన్నాయి, బయట శుద్ధజలంలో ఏమీ లేవు, అందుకే నీరు లోపలికి తోసుకొస్తుంది. ఎర్రకణానికి గోడ లేదు, ఎంతని ఆగుతుంది.

బరంపురం అక్క:

కోడలూరవేసె గోంగూర జాడిలో
మరచె నుప్పు నత్త మందలించె
బూజు పట్టి దాని పులుపెల్ల నీరయ్యె
నుప్పు లేని నీట నుసురు పోయె

గుణుపురం మాస్టారు: ఆహా! నడక చక్కగా ఉందమ్మా. అయితే పచ్చడిలో నీరెక్కడిది, ఉసురు ఎవరిది?

బరంపురం అక్క: నీరు గోంగూరదే మాస్టారూ, ఉసురు పచ్చడిది. మన గంజాం హుమ్మ ఉప్పుమడుల రాళ్ళుప్పు దండిగా పడి ఉంటే ఆ ఉప్పు బూజులోని నీళ్ళనే బయటికి లాగేసేది, అప్పుడు పోయేది బూజు ఉసురు.

నేను: తమ్ముడి పద్యానికి ఇది తిరగేసిన బొమ్మ, క్లాసులో రెండూ పక్కపక్కన రాస్తా. గోంగూర ఆకుని శుద్ధజలంలో వేస్తే ఎందుకు చిట్లదో కూడా అడుగుతా. దాని కణానికి సెల్యులోజ్ గోడ ఉంది, బిగుసుకుంటుంది తప్ప పగలదు.

ప్లస్ టూ పిల్ల: సార్, పద్యం రాదు, డౌటు అడగొచ్చా? సెలైన్ సీసా మీద 0.9 శాతం, గ్లూకోజ్ సీసా మీద 5 శాతం అని ఉంటుంది. రెండూ రక్తానికి సరిపోతే అంకెలు అంత తేడాగా ఎందుకున్నాయి?

నేను: ఈ డౌటు ముందు మా పద్యాలు దండగ తల్లీ. బరువు చూడకు, రేణువులు లెక్కపెట్టు. లీటరు సెలైన్లో ఉప్పు 9 గ్రాములు, ఒక మోల్ ఉప్పు బరువు 58.5తో భాగిస్తే 0.154 మోల్. కరగ్గానే అది సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది కాబట్టి రెట్టింపు, 0.308. గ్లూకోజ్ 50 గ్రాములు, దాని మోల్ బరువు 180తో భాగిస్తే 0.278. అది విడిపోదు, అంతే. రెండూ రక్తానికి దగ్గరే, అక్కడ 0.29 చిల్లర.

గుణుపురం మాస్టారు: విమర్శించి ఊరుకుంటే బాగోదని నాదీ ఒకటి.

విడువకుండ వాంతిభేదులు పట్టిన
పసికి పోసినారు పచ్చి నీరె
యున్న లవణమెల్ల నూడ్చుకు పోవగ
నుప్పు లేని నీట నుసురు పోయె

రాయగడ తమ్ముడు: మాస్టారూ, పద్యం గుండె పట్టేసింది. పైగా నాకు "నీట" అంటే నీటిలో, మీకు నీటి వల్ల. ఒక్క విభక్తితో అర్థం తిప్పేశారు. పోవగ, పోయె దగ్గరదగ్గరగా పడ్డాయి, అదొక్కటే.

నేను: 1971లో పశ్చిమ బెంగాల్లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకి డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించారు. గ్లూకోజ్ రుచి కోసం కాదు, పేగులో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీరు వెళ్తుంది. ఈ నీళ్ళకి 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. నా ఓటు మాస్టారి పద్యానికే.

ప్లస్ టూ పిల్ల: నా ఓటు గోంగూరకి. అక్కా, ఆ జాడీ ఏం చేశారు?

బరంపురం అక్క: పారబోశాం. కోడలు నేనే.