‘కబ్జా ఇచ్చితిమి’ అంటే కంగారు పడాలా?

ఉప్పల్ దగ్గర పాత ఇల్లు ఒకటి చూశాం. అమ్మేవాళ్లు లింకు డాక్యుమెంట్ల (ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజుల) జిరాక్సులు ఇచ్చారు. 1978 నాటి దస్తావేజులో ‘సదరు ప్లాటును ఈ దినమే మీకు కబ్జా ఇచ్చితిమి’ అని ఉంది. మా అత్తయ్యది తెనాలి. అది చదివి ‘కబ్జా స్థలమా! మనకొద్దే తల్లీ’ అని భీష్మించుకు కూర్చుంది. ఆవిడకి ఎలా నచ్చజెప్పాలి? ఇంకోటి, బ్రోకరు మాటకి ముందు ‘క్లియర్ టైటిల్ మేడం’ అంటున్నాడు. దానికి తెలుగు మాట ఉందా? ఫోనుని అడిగితే ‘స్పష్టమైన శీర్షిక’ అంది. నవ్వకండి.

— నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఆ మాటది తప్పేం లేదని అత్తయ్యగారికి చెప్పండి. కబ్జా అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మాకొచ్చింది. పిడికిట పట్టడం దాని అసలు అర్థం. నిజాం కాలం చివర్లో రెవెన్యూ కాగితాలు ఎక్కువగా ఉర్దూలో నడిచాయి కదా, అందుకే మా వైపు స్వాధీనానికి అదే మాట నిలిచింది. మీ కోస్తాలో ‘స్వాధీనపరచితిమి’ అని రాసేచోట మావాళ్లు ‘కబ్జా ఇచ్చితిమి’ అని రాశారు, అంతే. మా తాత ‘పట్టా అన్నది, కబ్జా తమ్మునిది’ అనేటోడు. కాగితంలో అన్న పేరు, దున్నేది తమ్ముడు. అందులో తిట్టు లేదు. ‘చెరువు కబ్జా’, ‘భూకబ్జా’ అని పేపర్లు రాసీ రాసీ దాని పేరు చెడగొట్టాయి. కబ్జా ‘ఇస్తే’, కబ్జాలో ‘ఉంటే’ మంచిదే. ‘చేస్తే’నే లొల్లి.

— ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. అమ్మా, క్లియర్ టైటిల్‌కి, అంటే ఆస్తి హక్కులో ఏ చిక్కూ లేదనడానికి, మా దగ్గర ఒక్క మాట లేదు, ఒక పొడుగాటి వాక్యం ఉంది. ‘సదరు ఆస్తిపై ఎట్టి తాకట్టు, దాన, విక్రయ, జప్తు లావాదేవీలు లేవనియు, ముందు ముందు ఎట్టి చిక్కులు కలిగినను మా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవారమనియు...’ ఈ రకంగా రాస్తాం. ఇది ఎవరి మాటో చూడండి. అమ్మేవాడిది. సర్కారు పూచీ కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది కాగితం. అమ్మేవాడికి నిజంగా హక్కుందా లేదా అన్నది ఆ నమోదుతో తేలదు. వాడికే లేని హక్కు మీకెక్కడినుంచి వస్తుంది? దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో మొదలైన టారెన్స్ పద్ధతిలో హక్కుకు సర్కారే హామీ. మన దగ్గర కొనేవాడే గొలుసు వెతుక్కోవాలి. ఆ గొలుసే మీ లింకు డాక్యుమెంట్లు. ఒక లింకు తెగినా అడగండి, మొహమాటం వద్దు.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. మీది 1978 కనుక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ ఈసీకి పెట్టుకోండి. వచ్చాక కూడా అదే సర్వస్వం అనుకోవద్దు. రిజిస్టరు కాని ఒప్పందాలు, వారసుల తగాదాలు అందులో కనపడవు. మధ్యలో ఎక్కడైనా సేల్‌డీడ్ లేకుండా ఒట్టి జీపీఏతోనే (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రంతోనే) చేతులు మారి ఉంటే అక్కడే ఆగండి. జీపీఏ వల్ల యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది.

— ‘అష్టభోగ స్వామ్యం’ అనొచ్చు కదండీ? అంటే ఎనిమిది భోగాలతో కూడిన నిండు హక్కు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. శాసనాల నుంచీ ఉన్న మాట.

— మాస్టారూ, నూటయాభై గజాల్లో నిధి ఎక్కడ తవ్వమంటారు! అదీగాక, హక్కు ఎంత నిండుగా ఉందో చెప్పే మాట అది. ఆ హక్కుకు అడ్డం వచ్చేవాడు లేడని చెప్పదు. బ్రోకరు అంటున్నది ఈ రెండోది.

— మళ్లీ నేనే. అందరికీ దండాలు. అన్నీ చదివి వినిపించాను. కబ్జా సంగతి అత్తయ్య ఒప్పుకుంది, సగం మనసుతో. టైటిల్ దగ్గరికొచ్చేసరికి ‘దానికింత చర్చ ఎందుకే? పేచీ లేని ఇల్లు అంటే సరిపోదూ’ అంది. ఇన్నాళ్లూ వెతికిన మాట వంటింట్లోనే ఉంది.

— భేష్. అయితే పేచీ కూడా ఫారసీ నుంచి వచ్చిందేనని అత్తయ్యగారికి చెప్పకండి.

— చెప్పను. సోమవారం మాన్యువల్ ఈసీకి వెళ్తున్నాం, ఆవిడా వస్తానంటోంది.