కథ చదివాక పిల్లలతో ఏం చేయిస్తున్నారు?

మా పాపకు 4 ఏళ్లు, బాబుకు 7. రాత్రి చదివిన కథకు తగ్గట్టు మర్నాడు ఏదో ఒకటి చేయిస్తుంటాను. గొంగళిపురుగు కథకి గుడ్ల అట్ట కత్తిరించి రంగులేశాం, పాప గంటసేపు కదల్లేదు. విత్తనం కథకి తడి దూదిలో చిక్కుడు గింజ పెడితే, మొలకొచ్చిందా అని రోజూ బయటికి లాగి చూసేది. చివరికి వేరు కాస్తా విరిగిపోయింది. పాపం, ఎంత ఏడ్చిందో! గింజను గాజు సీసా లోపలి గోడకి ఆనించి పెడితే ముట్టుకోకుండానే కనిపిస్తుందని తర్వాత తట్టింది.

అసలు చిక్కు బాబుతో. కత్తెర, జిగురు అంటే చిన్నపిల్లల పని అంటాడు. ఒకే పుస్తకానికి ఇద్దరి వయసుకూ తగ్గ పనులు ఎలా కుదురుస్తున్నారు? బొమ్మలు తక్కువుండే పెద్ద కథలకి నాటకం వేయించడం, కథ జరిగిన చోటుకి పటం గీయించడం లాంటివి ఎవరైనా చేసి చూశారా? కాస్త చెప్పండి.