ఏడాది పాటు దేశాలు తిరిగినవారికి మనసులో నిలిచిపోయిన చోట్లు ఏవి?

సీతమ్మధార టీచరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ముప్పై నాలుగేళ్లు బడిలో సాంఘిక శాస్త్రం బోధించి, గత మార్చిలో పదవీ విరమణ చేశాను. పటం మీద వేలుపెట్టి పిల్లలకు చూపించిన ఊళ్లలో కొన్నింటినైనా కళ్లారా చూడాలన్న కోరికతో, ఈ కార్తికంలో బయలుదేరి ఒక ఏడాది పాటు దేశాలు తిరగాలని మావారూ నేనూ నిశ్చయించుకున్నాము. ఒక ట్రావెల్స్ వారిని అడిగితే పద్నాలుగు రోజుల్లో తొమ్మిది నగరాలు చూపించే పట్టిక చేతిలో పెట్టారు. అటువంటి పరుగు మాకు వద్దు. మన విశాఖవాసులలో ఇలా ఎక్కువకాలం తిరిగి వచ్చినవారు ఉంటే, మీకు అన్నిటికంటె నచ్చిన చోటు ఏదో, ఎందుకు నచ్చిందో దయచేసి వివరంగా రాయగలరు. మావారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆ సంగతి కూడా దృష్టిలో పెట్టుకోవలసిందిగా మనవి.

పెదవాల్తేరు నివాసి:

టీచరుగారూ, నేను పోర్టు ఉద్యోగం నుంచి విరమించిన తరువాత నా భార్యతో కలిసి ఏడాదిలో పదకొండు దేశాలు చూశాను. యూరపు రాజధానుల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. నాకు అన్నిటికంటె ఇష్టమైనవి మన సముద్రానికి అవతలి వైపున్న దేశాలే. మా తాతల కాలంలో ఊళ్లో ఎవరైనా కొంతకాలం కనిపించకపోతే "రంగం వెళ్లాడు" అనేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మలేసియాలో, పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌లో కపితాన్ కెలింగ్ అనే పాత మసీదు ఉంది. కెలింగ్ అన్న మాట కళింగం నుంచి వచ్చిందని చెబుతారు. ఆ పేరు చదివి, ఇంత దూరం వచ్చినా మన తీరం పేరే వినబడుతోంది కదా అని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

అయినా ఒక్క చోటే చెప్పమంటే కంబోడియా అంటాను. పన్నెండో శతాబ్దంలో రెండవ సూర్యవర్మ అనే రాజు విష్ణువు కోసం కట్టించిన అంగ్‌కోర్ వాట్, మన సింహాచలం గుడిలాగే పడమటి ముఖంగా ఉంటుంది. దాని తూర్పు చుట్టుమండపంలో దాదాపు 49 మీటర్ల పొడవున సాగరమథనం చెక్కారు: ఒకవైపు 92 మంది అసురులు, మరొకవైపు 88 మంది దేవతలు, నడుమ విష్ణువు. దేవతల వరుస చివర, మనం విన్న కథలో లేని ఒక వానరుడు వాసుకి తోకను పట్టుకొని లాగుతూ కనిపిస్తాడు. ఆ శిల్పం ఎదుట మేము రెండు ఉదయాలు గడిపాము.

అంగ్‌కోర్ చూసి తిరిగి వచ్చేయకండి, దగ్గరలోనే టోన్లే సాప్ సరస్సు ఉంది. వానకాలంలో మెకాంగ్ నది పొంగినప్పుడు, ఆ సరస్సు నుంచి బయటికి పారే ఏరు వెనక్కి తిరిగి సరస్సులోకే ప్రవహిస్తుంది. సరస్సు ఎన్నో రెట్లు విస్తరిస్తుంది. నీళ్లు తగ్గేటప్పుడు ఏరు మళ్లీ దిశ మార్చుకుంటుంది, నవంబరు ప్రాంతంలో రాజధాని నామ్‌పెన్‌లో పడవ పందేలతో జల పండుగ జరుపుతారు. ఒడ్డు పల్లెల్లో ఇళ్లు ఎత్తయిన గుంజల మీద నిలబడి ఉంటాయి. ఒక ఇంటి గుంజ మీద మట్టి రంగు చార ఒకటి నా తలకంటె చాలా పైన ఉంది. నీళ్లు అంతవరకు వస్తాయని ఆ ఇంటి పెద్దాయన చేత్తో చూపించాడు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన నాకు కూడా నీటి గురించి కొత్తగా ఏదో తెలిసినట్లు అనిపించింది.

ఎంవీపీ కాలనీ గృహిణి:

అక్కా, మీరు పాఠాలు చెప్పినవారు కనుక హిరోషిమాను తప్పకుండా చూడాలని కోరుతున్నాను. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు బాంబు పడిన ఊరు అది. అక్కడి మ్యూజియంలో తుప్పుపట్టిన ఒక మూడు చక్రాల సైకిల్ ఉంది. ఆ బాంబుకు చనిపోయిన తన మూడేళ్ల పిల్లవాడిని దానితో పాటు ఇంటి వద్దనే పాతిపెట్టిన తండ్రి, 1985లో దానిని తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడు. మాది యుద్ధనౌకలు రోజూ కళ్లెదుట కనిపించే ఊరు. నాన్నగారు నేవీలో పనిచేశారు. అందుకేనేమో, ఆ సైకిల్ ముందు నుంచి కదలడానికి నాకు చాలాసేపు పట్టింది. ఊరంతా ట్రాములు తిరుగుతాయి కనుక మీవారు పెద్దగా నడవనక్కరలేదు.

భీమిలి పాఠకుడు:

పెదవాల్తేరువారు చెప్పినది నిజమే గాని, ఇంటికి ఇంకా దగ్గరలో శ్రీలంకలోని గాలె కోట ఉంది. పోర్చుగీసువారి నుంచి 1640లో డచ్చివారు పట్టుకొని బలపరచిన కోట అది. లోపలి డచ్చి చర్చిలో నేలంతా సమాధిరాళ్లే పరచి ఉంటాయి. చిన్నప్పుడు మా ఊళ్లోని డచ్చి శ్మశానంలో ఆడుకున్నవాడిని కనుక, ఆ రాళ్ల మీది అక్షరాల వంకరలు నాకు ఎక్కడో చూసినట్లే అనిపించాయి. సాయంత్రం కోటగోడ మీద మెల్లగా నడవవచ్చు.

మరొక మాట. మందులను చేతి సంచిలోనే పెట్టుకోండి, డాక్టరు చీటీ కూడా వాటితోనే ఉంచండి. ఒక విమానయానంలో మా పెట్టె నాలుగు రోజుల తరువాత చేరింది. నా బీపీ మాత్రలన్నీ అందులోనే ఉండిపోయాయి, భాష రాని ఊళ్లో వాటి కోసం పడిన అవస్థ మరచిపోలేను. యూరపు కూడా అనుకుంటే, షెంగెన్ దేశాలలో (ఒకే వీసాతో తిరగగల యూరపు దేశాల కూటమి) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు. ఏడాది పథకం వేసేటప్పుడు ముందుగా ఆ లెక్క చూసుకోవాలి.

సీతమ్మధార టీచరు:

అందరికీ కృతజ్ఞతలు. కార్తికంలోనే కదా వెళ్లేది, మొదటి మజిలీ నామ్‌పెన్ అనుకుంటున్నాము. అంగ్‌కోర్ వాట్‌లో మావారు మెట్లు ఎక్కగలరా అన్నదే నా బెంగ.

పెదవాల్తేరు నివాసి:

టీచరుగారూ, పై అంతస్తుకు వెళ్లే మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, వాటిని వారు ఎక్కకపోవడమే మంచిది. సాగరమథనం కింది చుట్టుమండపంలోనే ఉంది కనుక కొద్ది మెట్లతో చేరుకోవచ్చు. అది తూర్పు వైపున ఉండడంతో ఎండ ఉదయం పూట లోపలికి వాలుతుంది. ఏడు గంటలకే వెళ్లండి, మడతపెట్టే చిన్న స్టూలు ఒకటి వెంట తీసుకువెళ్లండి.